టీవీ డిబేట్‌లో అభ్యర్థులు జవాబులు చెప్పడం మానేసి, ఓటర్లనే ప్రశ్నలు ఎందుకు అడుగుతారు?

ఎవరో చెప్పిన జవాబు కన్నా మనసులో తానే చెప్పుకున్న జవాబును ఓటరు ఎక్కువ నమ్ముతాడు కాబట్టి. రెండు నిమిషాల్లో గడగడా వినిపించిన అంకెలు టీవీ కట్టేసేసరికి మర్చిపోతాం. సరుకుల బిల్లు మాత్రం మర్చిపోం.

1980 అమెరికా అధ్యక్ష ఎన్నికలనే తీసుకోండి. పోలింగ్‌కు సరిగ్గా వారం ముందు, అక్టోబర్ 28న, క్లీవ్‌లాండ్‌లో అధ్యక్షుడు కార్టర్‌తో డిబేట్. కార్టర్‌పై పోటీ చేస్తున్న రీగన్ తన ముగింపు మాటల్లో, 'నాలుగేళ్ల కిందటి కంటే మీ పరిస్థితి ఇప్పుడు బాగుందా? దుకాణంలో సరుకులు కొనడం అప్పటికంటే తేలికైందా?' అని అడిగాడు. ఆ ప్రశ్నల్లో కార్టర్ పేరే లేదు, అవసరం కూడా లేదు. ఆ ఏడాది అక్కడ ధరల పెరుగుదల 13 శాతం దాటింది మరి! ధరలు అదుపులో ఉండి ఉంటే ఇదే ప్రశ్న రీగన్‌కే ఎదురు తిరిగేది. అంటే పని చేసింది మాటల గారడీ ఒక్కటే కాదు, జనం జేబులో అప్పటికే ఉన్న చిల్లు.

డిబేట్‌లో గెలిస్తే ఎన్నికలో గెలిచినట్టే అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 2016లో మూడు డిబేట్లలోనూ హిల్లరీ క్లింటన్‌దే పైచేయి అని ప్రధాన సర్వేలు చెప్పాయి. అధ్యక్షుడైంది ట్రంప్.