వీఎం రెండోసారి స్టార్ట్ చేస్తే జీపీయూ రావట్లేదా? ముందు అది ఏ పద్ధతిలో రీసెట్ అవుతోందో చూడండి

ప్రాక్స్‌మాక్స్‌లో (ఒకే మెషిన్ మీద పలు వర్చువల్ మెషిన్లు, అంటే వీఎంలు, నడిపే లైనక్స్ సిస్టమ్) ఆర్‌ఎక్స్ 580 గ్రాఫిక్స్ కార్డుని విండోస్ వీఎంకి ఇచ్చారు. మొదటిసారి బాగానే వస్తోంది, షట్‌డౌన్ చేసి మళ్ళీ స్టార్ట్ చేస్తే స్క్రీన్ నల్లగా ఉండిపోతోంది, హోస్ట్‌ని, అంటే అసలు మెషిన్‌ని, రీబూట్ చేస్తే తప్ప కార్డు కదలట్లేదు, రిమూవ్ చేసి రీస్కాన్ చేసినా లాభం లేదు. ఇదే కదా మీ సమస్య.

ముందు ఆ రిమూవ్, రీస్కాన్ సంగతి తేల్చేద్దాం, ఎవరిని అడిగినా మొదట అదే చెప్తారు కాబట్టి. అది అసలు రీసెట్టే కాదు. కెర్నెల్ (లైనక్స్ గుండెకాయ లాంటి భాగం) తన జాబితాలో కార్డు పేరు కొట్టేసి మళ్ళీ రాసుకుంటుంది, అంతే. రేషన్ కార్డులో పేరు తీసేసి మళ్ళీ ఎక్కించినంత మాత్రాన మనిషికి జ్వరం తగ్గదు కదా.

వీఎం ఆగినా స్లాట్‌కి కరెంటు ఆగదు. విండోస్ డ్రైవర్ కార్డుని ఏ స్థితిలో వదిలేసిందో అలాగే ఉంటుంది, అందుకే ఎవరో ఒకరు దాన్ని మొదటికి తేవాలి. లైనక్స్ దగ్గర దీనికి కొన్ని దారులున్నాయి: ఆ డివైస్‌కే ప్రత్యేకంగా రాసిన పద్ధతి, ఎఫ్‌ఎల్‌ఆర్ (ఫంక్షన్ లెవెల్ రీసెట్, అంటే కార్డులోని ఒక్క భాగాన్నే రీసెట్ చేయడం), పవర్ స్టేట్ మార్చి వెనక్కి తేవడం, చివరికి బస్ రీసెట్. అన్నిట్లో ఎఫ్‌ఎల్‌ఆర్ శుభ్రమైనది, పక్క ఫంక్షన్ల జోలికి పోదు. బస్ రీసెట్ అయితే కార్డు తగులుకుని ఉన్న బ్రిడ్జ్ కింద ఉన్నవన్నీ కలిపి రీసెట్ అవుతాయి, అందుకే కార్డులోని హెచ్‌డీఎంఐ ఆడియోని కూడా అదే వీఎంకి ఇవ్వాలి.

రూట్‌గా ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌ని (పీసీఐ డివైస్‌ల వివరాలు చూపిస్తుంది) రెండు వీలతో, అంటే lspci -vv అని, నడిపి మీ కార్డు దగ్గర చూడండి. ఎఫ్‌ఎల్‌రీసెట్ పక్కన మైనస్ ఉంటే ఎఫ్‌ఎల్‌ఆర్ లేదని అర్థం. నోసాఫ్ట్‌ఆర్‌ఎస్‌టీ పక్కన ప్లస్ ఉంటే పవర్ స్టేట్ దారి కూడా మూసుకుపోయినట్టే. ఏఎండీ వారి పోలారిస్ (మీ ఆర్‌ఎక్స్ 580 ఇందులోదే), వేగా, మొదటి నావీ కార్డుల్లో చాలావాటికి ఈ రీసెట్ గోల పాతదే; ఎఫ్‌ఎల్‌ఆర్ లేక చివరికి బస్ రీసెట్ మీదే ఆధారపడాలి, అది జరిగినా కార్డు లోపలి స్థితి పూర్తిగా చెరిగిపోదు. లాగ్‌లో 'అన్‌నోన్ పీసీఐ హెడర్ టైప్ 127' అని వస్తే మాత్రం కార్డు బస్ మీద అసలు పలకడమే లేదు: చదివిన ప్రతి బైటూ ఎఫ్‌ఎఫ్ (255), అందులో పై బిట్ తీసేస్తే మిగిలేది 127.

మీ కార్డుకి సరిపోయేది వెండర్ రీసెట్ అనే కెర్నెల్ మాడ్యూల్. లుకింగ్ గ్లాస్ (వీఎం స్క్రీన్‌ని హోస్ట్‌లో చూపించే ప్రోగ్రామ్) చేసిన జెఫ్రీ మెక్‌రే, ఆడమ్ మాడ్సెన్ కలిసి రాశారు. కెర్నెల్ హెడర్లు, డీకేఎంఎస్ (కెర్నెల్ మారినప్పుడల్లా మాడ్యూల్‌ని మళ్ళీ బిల్డ్ చేసేది) పెట్టి బిల్డ్ చేసుకోవాలి, బూట్‌లోనే లోడ్ అయ్యేలా మాడ్యూల్స్ ఫైల్‌లో పేరు చేర్చాలి. చాలామంది ఇంతవరకు చేసి "పనిచేయలేదు" అని వదిలేస్తారు. కెర్నెల్ 5.15 నుంచి /sys కింద రీసెట్ చేయగల ప్రతి పీసీఐ డివైస్ ఫోల్డర్‌లో రీసెట్_మెథడ్ అనే ఫైల్ ఉంటుంది, అందులో డివైస్_స్పెసిఫిక్ అని రాస్తే తప్ప మాడ్యూల్ వంతు రాదు. మాడ్యూల్ లోడ్ అయ్యాకే రాయాలి, ప్రతి బూట్‌కీ రాయాలి, కాబట్టి బూట్‌లో దానంతటదే నడిచే చిన్న సిస్టమ్‌డీ సర్వీస్‌గా పెట్టేయండి. 6.12 కెర్నెల్‌లో ఒక హెడర్ ఫైల్ చోటు మారింది, పాత కోడ్ అక్కడ బిల్డ్ కాకపోతే కంగారు పడకండి, ఆ ఇంక్లూడ్ లైన్ సరిచేస్తే చాలు. ఇంకోటి, ఇప్పటికే బిగుసుకుపోయి ఉన్న కార్డు మీద దీన్ని టెస్ట్ చేయొద్దు, మెషిన్ పూర్తిగా ఆఫ్ చేసి మొదలుపెట్టండి.

నా దగ్గర ఇదే గొడవ ఒక ఎన్‌వీఎంఈ డ్రైవ్‌తో (పీసీఐకి తగిలించే ఎస్‌ఎస్‌డీ) వచ్చింది, తలకిందులుగా. దానికి ఎఫ్‌ఎల్‌ఆర్ ఉందని చూపిస్తుంది, తీరా చేస్తే లేవదు. స్పెసిఫికేషన్ ప్రకారం 100 మిల్లీసెకన్లలో అయిపోవాల్సిన పని, డీమెసేజ్‌లో (కెర్నెల్ లాగ్) చూస్తే 65535 మిల్లీసెకన్ల దాకా ఎదురుచూసి ఇక వదిలేస్తున్నానని కెర్నెలే చేతులెత్తేసింది. రీసెట్_మెథడ్‌లో ఎఫ్‌ఎల్‌ఆర్ తీసేసి బస్ అని రాశాను, ఆ రూట్ పోర్ట్ (పైన చెప్పిన బ్రిడ్జ్ లాంటిదే) కింద అదొక్కటే ఉంది కాబట్టి ఇబ్బంది లేదు, అప్పట్నుంచి వీఎం ఎన్నిసార్లు ఆపినా లేస్తోంది. అంటే డివైస్ తన గురించి తాను చెప్పుకునేది నమ్మడానికి లేదు. రైజెన్ 3000 బోర్డుల్లో యూఎస్‌బీ కంట్రోలర్‌దీ, ఆడియోదీ ఇదే కథ, వాటికి ఎఫ్‌ఎల్‌ఆర్ వాడొద్దని కెర్నెల్‌లోనే మినహాయింపు రాయాల్సి వచ్చింది.

మాడ్యూల్ పెట్టడం కుదరకపోతే విండోస్ షట్‌డౌన్ స్క్రిప్ట్‌లో పీఎన్‌పీయుటిల్ అనే విండోస్ కమాండ్‌తో కార్డుని డిసేబుల్ చేసి, స్టార్టప్‌లో ఎనేబుల్ చేయండి. కొంతమందికి పనిచేస్తుంది, కానీ వీఎం క్రాష్ అయిందంటే ఆ స్క్రిప్ట్ నడవదు కాబట్టి నాకు దానిమీద అంత నమ్మకం లేదు. హోస్ట్‌ని కాసేపు సస్పెండ్ చేసి లేపే ఆర్‌టీసీవేక్ చిట్కా కూడా ఉంది, స్లాట్‌కి నిజంగానే కరెంటు ఆగుతుంది కాబట్టి చాలాసార్లు కార్డు తేరుకుంటుంది, కాకపోతే మిగతా వీఎంలన్నీ ఆ కాసేపు ఆగిపోతాయి, పైగా బోర్డు ఎస్3 (ఆ సస్పెండ్ స్థితి) సపోర్ట్ చేయాలి.

ముందు ఆ రీసెట్_మెథడ్ ఫైల్‌లో ఇప్పుడు ఏముందో, రెండోసారి స్టార్ట్ చేసినప్పుడు డీమెసేజ్‌లో ఏ లైన్లు పడుతున్నాయో పెట్టండి, చూసి చెప్తాను.