పీఠిక తీసెయ్, గష్త్ చూపించు

తమ్ముడూ,

మన దేశంలో ముస్లిం పునరుద్ధరణ ఉద్యమాల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. అందులో 'పునరుద్ధరణ ఉద్యమాలన్నీ సూఫీల మీద తిరుగుబాట్లే' అన్న నీ వాక్యాన్ని కొట్టేశాను. ఉత్తరప్రదేశ్‌లోని దేవ్‌బంద్ మదర్సా దారుల్ ఉలూమ్ పెద్దలు ఖాసిం నానౌతవీ, రషీద్ అహ్మద్ గంగోహీ ఇద్దరూ సూఫీ గురువు హాజీ ఇమ్దాదుల్లాకు మురీదులే, అంటే శిష్యులే. వాళ్లు తప్పుపట్టింది ఉర్సుల వంటి ఆచారాలను, సూఫీ మార్గాన్ని కాదు. ఆ ఆచారాలను వెనకేసుకొచ్చిన బరేల్వీ వర్గం వాళ్లూ వాళ్లలాగే హనఫీ మజ్‌హబ్ (ధర్మశాస్త్ర సంప్రదాయం) వాళ్లే. అసలు ఏ మజ్‌హబ్‌నూ అనుసరించడమే అక్కర్లేదన్నది అహ్లె హదీస్ వర్గం. ఇక కఠిన సంస్కరణవాది అనే అర్థంలో వాడే 'వహాబీ' అన్నది చాలాసార్లు ఎదుటివాళ్లు తగిలించిన పేరు. ఎవరన్నారో చెప్పకుండా వాడకు.

1866లో దేవ్‌బంద్ ఛత్తా మసీదులో, దానిమ్మ చెట్టు కింద, ఒక గురువు, ఒక శిష్యుడితో ఆ మదర్సా మొదలైంది. ఇద్దరి పేరూ మహమూదే. పాఠకుడికి గుర్తుండేది ఆ చెట్టే, ఉంచు. అయితే అక్కడే ఆగితే అది పుణ్యచరిత్ర అయిపోతుంది. వెంటనే డబ్బు సంగతికి రా. నవాబుల ఈనాములు లేవు, జనం చందాలే ఆధారం. దాతల పేర్లు వార్షిక నివేదికల్లో అచ్చయ్యేవి. స్థిరమైన ఆదాయం లేకపోవడమే మేలని నానౌతవీ నియమాల్లోనే ఉంది. చందా ఇచ్చిన మామూలు మనిషికి ఆ మదర్సా తనదయ్యింది. గుర్తింపు (ఐడెంటిటీ) అనే పెద్ద మాట నాకైతే ఇలాంటిచోటే కనిపిస్తుంది.

ముస్లింలకే మతాచరణను గుర్తుచేసే తబ్లీగ్ ఉద్యమం గురించి నాలుగు పేరాల పీఠిక దేనికి? 1920లలో ఢిల్లీకి దక్షిణాన ఉన్న మేవాత్‌లో మౌలానా ఇల్యాస్ మొదలుపెట్టిన పనిని దగ్గరనుంచి చూపించు. నెలకు 3 రోజులు, ఏడాదికి చిల్లా అనే 40 రోజుల ప్రచార యాత్ర, ఎవరి ఖర్చు వాళ్లదే. గష్త్‌కు, అంటే ఊళ్లో తిరిగి జనాన్ని మసీదుకు పిలవడానికి, బయల్దేరితే దారి చూపడానికి ఆ ఊరి రహబర్, మాట్లాడటానికి ఒక్క ముతకల్లిం, పైన నాయకుడిగా ఒక అమీర్. తక్కినవాళ్లు నోరు మెదపరు, లోలోపల జిక్ర్ (దైవస్మరణ) చేసుకుంటూ నడుస్తారు. కొందరు మసీదులోనే దుఆలో కూర్చుంటారు. విన్నవాడు ఎంత మారాడో చెప్పలేం గానీ, ఇల్లు వదిలి వచ్చి అలా చెప్పినవాడు మాత్రం మారతాడు. నీ వ్యాసానికి అసలు సరుకు అదే.

మారనిది కూడా రాయి. నమాజు పెరిగాక కూడా మేవాత్ ముస్లింలైన మేవుల్లో గోత్రం చూసి పెళ్లి చేసే అలవాటు పోలేదు. అది వదిలేస్తే 'అంతకుముందు సగం హిందువులు, ఆ తర్వాత అసలు ముస్లింలు' అన్న అడ్డగోలు లెక్క తేలుతుంది. ముస్లింలను హిందూమతంలోకి తీసుకోవడానికి ఆర్యసమాజం చేసిన 1923 నాటి శుద్ధి ప్రచారాన్ని ఒక్క వాక్యంలో కానిచ్చెయ్, కానీ వదలకు. తబ్లీగ్‌కు తొందర ఎక్కడిదో అది లేకుండా అర్థం కాదు.

ఈసారి మేవాత్ భాగం ఒక్కటే పంపు.