లాజరస్‌లో ఎఫ్ఎఫ్‌టీ, ఫిల్టర్ కోడ్ ఎక్కడ దొరుకుతుంది?

సెన్సార్ డేటాకి ఎఫ్ఎఫ్‌టీ (సిగ్నల్‌లో ఏ ఫ్రీక్వెన్సీ ఎంతుందో విడదీసే లెక్క), లోపాస్ ఫిల్టర్ (ఎక్కువ ఫ్రీక్వెన్సీల్ని ఆపేసేది) కావాలి, పైథాన్‌లో బోలెడున్నాయి గానీ లాజరస్‌లో (పాస్కల్ భాషలో ప్రోగ్రామ్‌లు రాసే సాఫ్ట్‌వేర్) ఏం వాడాలో తెలియట్లేదు అన్నారు. ఆ పని మేం చేశామండి, భీమవరంలో. రొయ్యల చెరువుల ఏరియేటర్లకి ప్యానెళ్లు కట్టిచ్చే షాపు మాది. డెల్ఫీ (పాస్కల్‌దే ఇంకో సాఫ్ట్‌వేర్)లో రాసిన పాత ప్రోగ్రామ్‌ని లాజరస్‌లోకి తెచ్చుకున్నాం కాబట్టి పాస్కల్ వదిలే ప్రశ్నే లేదు. మోటారుకి కంపనాలు కొలిచే ఏడీఎక్స్‌ఎల్345 సెన్సార్ బిగించి, బేరింగ్ పోయేలోపే కనిపెట్టాలి. అర్ధరాత్రి ఏరియేటర్ ఆగిందంటే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది మరి.

ముందు 'లాజరస్' అని కాకుండా 'డెల్ఫీ' అని వెతికి చూడండి. పాత డెల్ఫీ కోడ్ చాలావరకు, ఫైలు పైన డెల్ఫీ మోడ్ పెడితే లాజరస్ వాడే కంపైలర్ ఫ్రీ పాస్కల్‌లో కంపైలవుతుంది. ఎల్‌మ్యాత్ అనే పాస్కల్ లైబ్రరీలోనూ ఎఫ్ఎఫ్‌టీ ఉంది. కాకపోతే ఇలా దొరికేవి ఎక్కువగా 512, 1024 లాంటి, అంటే 2 ఘాతాల సైజులకే పనిచేస్తాయి. మాకది కుదర్లేదు. సెన్సార్‌ని సెకనుకి 800 శాంపిళ్లకి పెట్టాం. 1024 పాయింట్లు తీసుకుంటే ఒక్కో బిన్ (ఫలితంలోని ఒక్కో ఫ్రీక్వెన్సీ గడి) 0.78 హెర్ట్జ్. 1440 ఆర్పీఎం మోటారంటే 24 హెర్ట్జ్, అది 30, 31 బిన్‌ల మధ్యన పడి రెండింటిలోకీ చెదిరిపోతుంది. అదే 800 పాయింట్లయితే బిన్‌కి సరిగ్గా 1 హెర్ట్జ్, గ్రాఫ్ చూసే కుర్రాడు లెక్క కట్టక్కర్లేదు. లోడు మీద మోటారు కచ్చితంగా 1440 తిరగదు కాబట్టి హాన్ విండో (శాంపిళ్లని రెండు చివర్లా మెల్లగా సున్నాకి దించేది) ఎలాగూ వేసుకోవాలి.

అందుకే ఎఫ్ఎఫ్‌టీని సీ భాష లైబ్రరీల నుంచే తెచ్చుకోమంటాను. ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూ బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ జీపీఎల్ లైసెన్సు (మన సోర్స్ కోడ్ కూడా ఇవ్వమంటుంది), ప్రోగ్రామ్ అమ్ముకునేవాళ్లకి తలనొప్పి. కిస్ ఎఫ్ఎఫ్‌టీ అనే ఇంకో లైబ్రరీది బీఎస్‌డీ లైసెన్సు, ఆ షరతు లేదు. చిన్న ఫైళ్లు, 800కి పేచీ పెట్టదు. డీఎల్‌ఎల్‌గా (వేరే ప్రోగ్రామ్ పిలుచుకునే విండోస్ లైబ్రరీ ఫైలు) కంపైల్ చేసి, పాస్కల్ వైపు రెండు ఫంక్షన్లని సీడెక్ల్, ఎక్స్‌టర్నల్ అని డిక్లేర్ చేస్తే చాలు. మామూలుగా అది ఫ్లోట్ వాడుతుంది, కాబట్టి మీ రికార్డులో సింగిల్ పెట్టాలి. డబుల్ పెడితే కంపైలర్ కిక్కురుమనదు, అంకెలు మాత్రం చెత్తగా వస్తాయి. డీఎల్‌ఎల్, మీ ప్రోగ్రామ్ రెండూ 32 బిట్ అయినా కావాలి, 64 బిట్ అయినా కావాలి.

సెన్సార్ డేటా ఇచ్చే ముందు, విండో లేకుండా, ఆంప్లిట్యూడ్ 1 ఉన్న 50 హెర్ట్జ్ సైన్ వేవ్ 800 శాంపిళ్లు మీరే తయారుచేసి పంపండి. 50వ బిన్‌లో మ్యాగ్నిట్యూడ్ 400 రావాలి, 0 నుంచి 400 దాకా మిగతా బిన్‌లన్నీ సున్నా దగ్గర ఉండాలి. 51లో కనిపిస్తే మీ అర్రే 1 నుంచి మొదలవుతోందన్నమాట.

ఫిల్టర్‌కి లైబ్రరీయే అక్కర్లేదు. పైథాన్ లైబ్రరీ సైపైలో, ఫిల్టర్ అంకెలు లెక్కకట్టే బటర్ ఫంక్షన్‌ని ఎస్‌ఓఎస్ అవుట్‌పుట్‌తో (ఫిల్టర్‌ని చిన్న ముక్కలుగా, ముక్కకో వరసగా ఇచ్చేది) నడిపి, వచ్చిన అంకెల్ని పాస్కల్‌లో కాన్‌స్టెంట్లుగా అతికించుకోండి. వరసకి ఆరు అంకెలు, నాలుగోది ఎప్పుడూ 1. మిగతా పనంతా గుణకారాలు, కూడికలే. చివరి రెండింటి దగ్గర మాత్రం జాగ్రత్త, సైపై ఇచ్చిన అంకెలైతే వాటి లబ్ధాల్ని తీసెయ్యాలి. నెట్‌లో దొరికే కొన్ని కోడ్‌లు గుర్తు ముందే మార్చుకుని కలుపుతాయి. అంకెలు ఇక్కణ్ణుంచి, కోడ్ అక్కణ్ణుంచి తెచ్చి జోడిస్తే అవుట్‌పుట్ ఆకాశానికెళ్లిపోతుంది.

ఒకవేళ మీకు ఒక్క ఫ్రీక్వెన్సీ ఎంత బలంగా ఉందో తెలిస్తే చాలనుకుంటే ఎఫ్ఎఫ్‌టీ కూడా వద్దు. 1958 నాటి గోర్ట్‌జెల్ పద్ధతి ఉంది, అచ్చ పాస్కల్‌లోనే పది పన్నెండు లైన్లలో అయిపోతుంది.

మీ శాంపిల్ రేటెంతో, ప్రోగ్రామ్ 32 బిట్టో 64 బిట్టో చెప్పండి, ఆ డిక్లరేషన్ లైన్లు రాసి పెడతాను.