ఆస్పత్రి బిల్లు తీరింది, అప్పులు ఇంటికి వచ్చాక పెరిగాయి

ప్రశ్న: మాది ఖమ్మం. మావారు ప్రైవేటు కంపెనీలో పనిచేస్తారు, నెలకు 56,000 రూపాయలు చేతికి వస్తాయి. నిరుడు మా మామగారికి పక్షవాతం వచ్చింది. ఆయన వయసు 67. ఆస్పత్రి ఖర్చు ఆరోగ్య బీమాతో తీరిపోయింది గానీ, ఇంటికి తెచ్చాక ఆరు నెలలు ఆయాకు నెలకు 15,000 చొప్పున ఇచ్చాం. ఆ భారం మోయలేక ఆమెను మాన్పించి, 18,000 జీతం వచ్చే టీచరు ఉద్యోగం నేను వదులుకున్నాను. మందులు, డైపర్లు, ముక్కు గొట్టం ద్వారా పట్టే పోషకాహార పొడి, ఫిజియోథెరపీ కలిపి నెలకు 12,000 అవుతోంది. ఇంటి అద్దె 10,000, పిల్లల ఫీజులు 5,000, కరెంటు, గ్యాస్, పెట్రోలు 4,000. వంటింటి ఖర్చును 14,000 నుంచి 9,000కు తగ్గించాం. పిల్లలకు గుడ్లు, పండ్లు మానేశాం. క్రెడిట్ కార్డులో 1,10,000, రెండు లోన్ యాప్‌లలో 60,000, తెలిసినవారి దగ్గర మూడు రూపాయల వడ్డీకి 1,50,000 బాకీ ఉన్నాం. వీటికే నెలకు 18,000 పోతోంది. లక్ష రూపాయల చీటీలో నెలకు 5,000 చొప్పున 20 నెలలకుగాను 13 నెలలు కట్టాం, ఇంకా పాడలేదు. 9 తులాల బంగారం ఉంది. ఇప్పుడు బ్యాంకు 14 శాతం వడ్డీకి అయిదేళ్లకు 6 లక్షల వ్యక్తిగత రుణం ఇస్తామంటోంది. 3.2 లక్షలతో అప్పులు తీర్చి, మిగిలిన 2.8 లక్షలు మ్యూచువల్ ఫండ్‌లో పెట్టి, నెలకు 8,000 తీసుకుంటూ మామగారి ఖర్చు గడుపుకోమని మా మరిది సలహా ఇచ్చారు. అలా చేయవచ్చా?

జవాబు: చేయవద్దు. ఆ దరఖాస్తుపై ఇంకా సంతకం పెట్టకపోతే పెట్టకండి, పెట్టి ఉంటే డబ్బు ఖాతాలో పడకముందే రద్దు చేయించుకోండి. ఇంట్లో మంచం పట్టిన పెద్దవారిని చూసుకుంటున్న చాలా కుటుంబాలు ఇదే దారిలో నడిచి ఇదే గోతిలో పడుతున్నాయి గనుక మీ లెక్కను కాస్త వివరంగా విప్పి చూపిస్తాను.

6 లక్షలకు 14 శాతం చొప్పున అయిదేళ్లకు నెలసరి వాయిదా దాదాపు 13,960 రూపాయలు. ఫండ్‌లో పెట్టిన 2.8 లక్షల నుంచి నెలనెలా 8,000 తీస్తూ పోతే, మార్కెట్ ఒక్క నెలైనా పడకుండా ఏటా 12 శాతం రాబడి ఇచ్చినా ఆ సొమ్ము 43 నెలల్లో అయిపోతుంది. బ్యాంకు వాయిదాలు మాత్రం ఇంకా 17 నెలలు మిగిలే ఉంటాయి. పైగా మార్కెట్ ఏనాడూ అంత సాఫీగా నడవదు, మొదటి ఏడాదిలోనే పడిందంటే ఆ 43 నెలలు కూడా రావు. 14 శాతానికి అప్పు తెచ్చి, వస్తుందో రాదో తెలియని 12 శాతం కోసం పెట్టుబడి పెట్టడాన్ని నేను ప్రణాళిక అనను. మంచాన ఉన్న మనిషి తిండినీ మందులనూ మార్కెట్‌కు ముడిపెట్టమని సలహా ఇవ్వడం మంచి మనసుతో జరిగినా బాధ్యత లేని పని.

మీ లేఖలో అప్పుల కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది వంటింటి ఖర్చు తగ్గించామన్న వాక్యం. వాయిదా తప్పితే ఫోన్లు వస్తాయి, ఇంటికి మనుషులు వస్తారు. పిల్లవాడి గుడ్డు మానేస్తే ఎవరూ అడగరు. అందుకే ప్రతి ఇంట్లోనూ ముందు కోత పడేది పళ్లెంలోనే. ఇంటికి రోజుకు నాలుగు గుడ్లు, ఒక్కోటి ఏడు రూపాయలనుకున్నా నెలకు 840 అవుతుంది. మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన 28,000 మీద ఒక నెల వడ్డీ కూడా సరిగ్గా అంతే. మీరు ఆ వడ్డీకి తెచ్చినది అంతకు అయిదు రెట్లకు పైమాటే. ఆరోగ్యవంతుడైన పెద్ద మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది; అంటే 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. మంచం పట్టినవారికి మాంసకృత్తులు చాలకపోతే వీపున పడే పుండ్లు మానవు, అవి ముదిరితే మళ్లీ ఆస్పత్రి తప్పదు. ఆయనను రోజుకు పదిసార్లు ఒత్తిగిలించి, ఎత్తి కూర్చోబెట్టి, అందరూ తిన్నాక మిగిలింది తింటున్నది బహుశా మీరే. మీరు పడిపోతే ఈ ఇంటి లెక్క మొత్తం తారుమారవుతుంది. కాబట్టి వంటింటికి ఆ 14,000 ఈ నెల నుంచే తిరిగి ఇవ్వండి. పోషకాహార పొడి ఖర్చు తగ్గించుకోవాలంటే, అందులో కొంత భాగానికి బదులు ఇంట్లో తయారు చేసిన పలుచని ఆహారం పట్టవచ్చునేమో డైటీషియన్‌ను అడగండి. చిక్కదనం, శుభ్రత గొట్టానికి చాలా ముఖ్యం గనుక మీ అంతట మీరు మార్చవద్దు.

ఇక అసలు తప్పు దగ్గరికి వస్తాను. మీకు ఆరోగ్య బీమా ఉంది, అది పనికొచ్చింది కూడా. అయితే బీమా ప్రధానంగా ఆస్పత్రి గేటు వరకే తోడు వస్తుంది. ఇంటికి వచ్చాక మందులకూ పరీక్షలకూ పాలసీని బట్టి కొన్ని వారాలపాటు కొంత ఇస్తుందేమో గానీ, ఆయా జీతం, డైపర్లు, పోషకాహారం, మీరు వదులుకున్న జీతం, వీటిలో దేన్నీ మామూలు పాలసీలు లెక్కలోకి తీసుకోవు. మా నాన్నగారికి తుంటి ఎముక విరిగినప్పుడు శస్త్రచికిత్సకు అయినదానికంటే ఆ తరువాత ఇంట్లో గడిపిన నెలల్లో మాకు ఎక్కువ ఖర్చయింది. ఆ రోజు నుంచి నా దగ్గరికి ఎవరు వచ్చినా మొదటి ప్రశ్న అత్యవసర నిధి గురించే అడుగుతున్నాను. ఆ నిధి ఆస్పత్రి బిల్లు కోసం కాదు, ఆస్పత్రి నుంచి వచ్చాక గడవవలసిన నెలల కోసం. మూడు నెలల ఖర్చు చేతిలో ఉన్నా మీరు కార్డు మీదా, యాప్‌ల మీదా, చేబదులు మీదా పడి ఉండేవారు కాదు.

అందుకని ముందు బంగారంలో 3.2 లక్షలకు సరిపడా అమ్మి, మూడు అప్పులనూ ఒకేసారి మూసేయండి. తాకట్టు ఎందుకు వద్దంటున్నానంటే, 10 శాతానికే రుణం దొరికినా నెలకు 2,600 పైగా వడ్డీ కడుతూ అసలు తీర్చలేక ఏటేటా తిరగరాసుకుంటూ పోయే పరిస్థితి మీది. నగలు లాకర్ మారతాయే తప్ప అప్పు కదలదు. అమ్మేటప్పుడు తరుగు ఎంత తీస్తారో రెండు మూడు చోట్ల కనుక్కోండి, లాభంపై పన్ను పడుతుందేమో ఆడిటర్‌ను అడగండి. యాప్‌ల బాకీ తీరగానే బాకీ లేదన్న పత్రం తీసుకుని, ఫోన్ నుంచి వాటిని తొలగించండి. మూడు రూపాయల వడ్డీకి రాసిచ్చిన నోటును డబ్బు ఇచ్చే చేత్తోనే వెనక్కి తీసుకోండి. చేబదులు ఇచ్చింది తెలిసినవారే కదా అని ఈ మాట పట్టించుకోకుండా ఉండవద్దు.

ఇప్పుడు మీ లెక్క ఇలా ఉంటుంది. వంటింటికి 14,000 ఇచ్చాక ఇంటి అవసరాలు 45,000, చీటీకి 5,000, మిగిలేది 6,000. ఈ 6,000 జీతం పడిన రోజే వేరే ఖాతాలోకి వెళ్లాలి. నెలాఖరుకు మిగిలితే వేద్దామనుకుంటే ఎప్పటికీ మిగలదు. చీటీని ఇప్పుడు పాడి తోపు (పాటలో వదులుకోవలసి వచ్చే సొమ్ము) పోగొట్టుకోవద్దు, చివరిదాకా ఆగండి. ఏడు నెలల్లో మీరు వేసిన 42,000, నిర్వాహకుడి కమీషన్ పోగా చీటీ నుంచి వచ్చే 95,000 కలిపితే 1,37,000 అవుతుంది, అంటే మూడు నెలల ఖర్చు. ఆ తరువాత చీటీ 5,000 కూడా చేరి నెలకు 11,000 చొప్పున వేస్తే మరో ఏడాదికి ఆరు నెలల నిధి, అంటే 2,70,000, పూర్తవుతుంది. ఇంట్లో మంచం పట్టిన మనిషి ఉన్నప్పుడు ఆరు నెలలకు తక్కువ నిధిని నేను ఒప్పుకోను. ఈ డబ్బు పొదుపు ఖాతాలో గానీ, ఎప్పుడంటే అప్పుడు తీసుకోగల డిపాజిట్‌లో గానీ ఉండాలి. మరో చీటీలో గానీ, షేర్లలో గానీ, బంధువుల చేతిలో గానీ ఉండకూడదు. ఇల్లంతా ఒక్క జీతం మీద నడుస్తోంది గనుక మీ వారికి టర్మ్ బీమా (గడువులోపు మనిషి పోతే కుటుంబానికి సొమ్ము ఇచ్చే జీవిత బీమా) లేకపోతే నిధిలో వేసే మొదటి నెల సొమ్ములోంచైనా అది తీసుకోండి. ఈ నిధి పూర్తయ్యే వరకు ఫండ్ల మాట పక్కన పెట్టండి.

మీ ఉద్యోగం గురించి మీరు అడగలేదు, కానీ చెప్పకుండా ఉండలేను. ఆయాకు 15,000 ఇస్తే 18,000 జీతంలో 3,000 మాత్రమే మిగులుతుందన్న లెక్కతో మీరు ఉద్యోగం మానేశారు. బడి ఉన్న ఏడెనిమిది గంటలకు మాత్రమే మనిషిని పెట్టుకుంటే ఖర్చు తగ్గుతుంది, మీ పీఎఫ్, అనుభవం నిలుస్తాయి, రోజులో కొన్ని గంటలు మీకు ఊపిరి ఆడుతుంది. ఆ ఖర్చులో మీ మరిదిగారు వాటా తీసుకోవాలి. తండ్రి సంరక్షణ ఇద్దరు కొడుకుల బాధ్యత; రుణం తీసుకోమని సలహా ఇచ్చిన మనిషిని నెలకు ఇంత అని అడగడంలో మొహమాటపడవలసింది ఏమీ లేదు. మీరు అడగలేకపోతే మీ వారిని అడగమనండి. వచ్చే ఆదివారం మీ మరిదిగారిని ఇంటికి పిలిచి, మామగారి నెల ఖర్చు 12,000 ఎలా అవుతోందో బిల్లులతో సహా ముందు పెట్టి, ఆ రోజే అంకె తేల్చుకోండి.