సినగాగ్ లైబ్రరీకి మనమూ వెళ్ళొచ్చా?

మొన్నటి సంచికలో చిన్న చిన్న లైబ్రరీల గురించి రాస్తూ, అమెరికాలో మా అబ్బాయి దగ్గర ఉన్నప్పుడు వాలంటీర్లు నడిపే ఒక సినగాగ్ లైబ్రరీలో చదువుకున్నానని ఒక్క ముక్క రాశాను. సినగాగ్ అంటే యూదుల ప్రార్థనా మందిరం, తెలుగు బైబిల్ చదివేవాళ్ళకి సమాజమందిరం అంటే వెంటనే తెలుస్తుంది. ఆ ఒక్క ముక్క మీద ఇన్ని ప్రశ్నలు వస్తాయని నేను అనుకోలేదు, చాలా సంతోషం. వచ్చినవాటిలో కొన్ని తీసుకుని జవాబిస్తున్నాను, మిగతావి దాదాపు వీటిలోనే కలిసిపోయాయి.

ప్రశ్న: మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. వచ్చే వేసవిలో ఆర్నెల్లు ఉండడానికి వెళ్తున్నాను. వాళ్ళ అపార్ట్‌మెంట్‌కి నడిచివెళ్ళేంత దూరంలో సినగాగ్ ఉందట, అందులో లైబ్రరీ కూడా ఉందట. సర్వీసంతా సోషల్ చెప్పాను కానీ యూదుల గురించి హిట్లర్ పాఠంలో తప్ప ఎక్కడా చెప్పే అవకాశం రాలేదు. మనలాంటివాళ్ళని రానిస్తారా? చీర కట్టుకుని పోవచ్చా? (రిటైర్డ్ టీచర్, ప్రొద్దుటూరు)

జవాబు: నిక్షేపంగా వెళ్ళండమ్మా, కానీ ముందు చెప్పకుండా మాత్రం వెళ్ళకండి. తలుపు తీసి ఉంది కదా అని లోపలికి పోయి పేపరు చదువుకుని వచ్చే పద్ధతి అక్కడ లేదు. 2018 అక్టోబరు 27న పిట్స్‌బర్గ్‌లో ఒక సినగాగ్‌లో ప్రార్థన జరుగుతుండగా ఒకడు తుపాకీతో వచ్చి 11 మందిని చంపాడు. అలాంటివి చూశాక చాలా సినగాగ్‌లు పగలు కూడా తలుపులు వేసే ఉంచుతున్నాయి, బెల్ కొట్టాలి, కొన్నిచోట్ల బ్యాగ్ చూస్తారు, ఐడీ అడుగుతారు. మన మీద అనుమానం అనుకుని మనసు చిన్నబుచ్చుకోవద్దు, వాళ్ళ భయం వాళ్ళది. అమ్మాయి చేత ఆఫీసుకి ఒక ఈమెయిల్ పెట్టించండి: ఇండియా నుంచి వచ్చిన రిటైర్డ్ టీచర్‌ని, యూదుల చరిత్ర, మతం గురించి చదువుకోవాలని ఉంది, లైబ్రరీ ఎప్పుడు తెరుస్తారు అని. అంతకంటే ఏమీ అక్కర్లేదు.

ఎప్పుడు తెరుస్తారన్నదే అసలు సంగతి. అక్కడ జీతం తీసుకునే లైబ్రేరియన్ ఉండరు, మీలాగా రిటైరైన టీచర్లో, పిల్లల్ని క్లాసుకి దింపి వచ్చిన తల్లో వంతులవారీగా కూర్చుంటారు. అందుకే ఎక్కువగా పిల్లలకి హీబ్రూ, మత పాఠాలు చెప్పే ఆదివారం ఉదయం ఒకటి రెండు గంటలు తెరుస్తారు. శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం చీకటి పడేదాకా షబ్బాత్, అంటే విశ్రాంతి రోజు. ఆచారం గట్టిగా పాటించేచోట ఆ సమయంలో కలం పట్టరు, ఫోన్ తాకరు, కాబట్టి పుస్తకం తీసుకున్నట్టు రాసుకోవడం కూడా కుదరదు. పుస్తకాలు ఇంటికివ్వడం సాధారణంగా సభ్యులకే, బయటివాళ్ళని అక్కడే చదువుకోమంటారు, అయినా అమ్మాయి అడ్రసు రాసిచ్చి అడిగి చూడండి. చాలాచోట్ల కార్డు మీద పేరు, తేదీ రాసి డబ్బాలో వేసి వెళ్ళడమే, ఎవరూ వెంటపడరు. అందుకే తేదీకి ముందే ఇచ్చేయడం మన మర్యాద.

చీర శుభ్రంగా కట్టుకోవచ్చు. సార్ కూడా వస్తే మగవాళ్ళు తల మీద చిన్న టోపీ పెట్టుకోవాలి, వాకిట్లో బుట్టలో పెట్టి ఉంటాయి, ఒకటి తీసుకుంటే సరి. ఒక్క విషయం గట్టిగా చెప్తాను, మొదటిసారి పోతున్నాం కదా అని ప్రేమగా ఓళిగలు చేసుకుని పోకండి. బయటి వంటకాలు లోపలికి తేవడానికి వాళ్ళకి కోషర్ అనే ఆహార నియమాలు అడ్డొస్తాయి, పస్కా పండుగ రోజుల్లో అయితే పిండి పులిసే అవకాశం ఉన్న గోధుమ పదార్థం ఏదీ ఇంట్లోనే ఉంచుకోరు. ఏమైనా ఇవ్వాలనిపిస్తే పుస్తకాలు సర్దడానికి ఒక గంట సాయం చేస్తానని అడగండి, దానికి మించి వాళ్ళు సంతోషపడేది ఉండదు.

ఇంకొకటి. బీరువాల మధ్య తిరిగి మీకు మీరే వెతుక్కునే బదులు అక్కడ కూర్చున్న మనిషిని అడగండి. సభ్యులు ఇచ్చిన పుస్తకాలతో పెరిగిన లైబ్రరీ అది, ఏ అరలో ఏముందో క్యాటలాగ్ కంటే ఆ మనిషికే బాగా తెలుస్తుంది. నేను అలా అడగబట్టే, ప్రతి వారం తోరాలో ఏ భాగం చదువుతారో తెలుసుకుని వాళ్ళతోపాటే చదవగలిగాను. మోషే ఐదు గ్రంథాలనే తోరా అంటారు, దాన్ని 54 భాగాలు చేసి ఏడాదికొకసారి పూర్తి చేస్తారు. ఆ వారం భాగం ముందే చదివి పోతే ఎవరితోనైనా మాట్లాడటానికి మీకు ఒక విషయం దొరికినట్టే.

ప్రశ్న: మేము మూడు తరాల నుంచి క్రైస్తవులం. పాత నిబంధన మొత్తం చదివినవాడిని. యూదుల లైబ్రరీలో నేను కొత్తగా నేర్చుకునేది ఏముంటుంది? (కర్నూలు)

జవాబు: చాలా ఉంటుంది సార్. మీరు 39 పుస్తకాలుగా చదివినదాన్నే వాళ్ళు 24గా లెక్కపెడతారు, సమూయేలు రెండు భాగాలూ ఒకటి, చిన్న ప్రవక్తలు పన్నెండు మందీ కలిసి ఒకటి, అలాగ. వరస కూడా వేరు. మీ పాత నిబంధన మలాకీతో ముగుస్తుంది, వాళ్ళది సాధారణంగా దినవృత్తాంతాలతో, యెరూషలేముకు తిరిగి వెళ్ళమని కోరెషు రాజు చెప్పే మాటతో ముగుస్తుంది. ఒక గ్రంథం ఎక్కడ ఆగుతుందో దాన్ని బట్టి అంతా కొత్తగా కనపడుతుంది, ప్రయత్నించి చూడండి.

అయితే యూదుల చదువు అక్కడితో అయిపోదు, నిజానికి అక్కడే మొదలవుతుంది. దాదాపు క్రీ.శ. 200 నాటికి రబ్బీ (అంటే యూదు మత గురువు) యెహూదా హనాసీ నోటి సంప్రదాయాన్ని మిష్నా పేరుతో 6 విభాగాలుగా కూర్చారు. దాని మీద బాబిలోనియాలో పండితులు తరతరాలుగా చేసిన చర్చ తాల్ముద్. ఆ పేజీని ఒక్కసారి చూడండి, మన ప్రబంధాలకు మూలం చుట్టూ టీకా తాత్పర్యాలు అచ్చేసినట్టు ఉంటుంది. మధ్యలో మూలం, ఒక పక్క 11వ శతాబ్దపు ఫ్రాన్స్ పండితుడు రాషి వ్యాఖ్య, ఇంకో పక్క ఆయన తర్వాతి తరాలవాళ్ళు ఆ వ్యాఖ్యనే ప్రశ్నిస్తూ రాసినవి. వందల ఏళ్ళ తేడాతో పుట్టినవాళ్ళు ఒకే పేజీలో వాదించుకుంటూ ఉంటారు.

అందుకే దాన్ని ఒంటరిగా చదవరు. ఇద్దరు కూర్చుని, పైకి చదువుతూ, ఒకరి అర్థాన్ని ఒకరు ఖండించుకుంటూ చదువుతారు, దాన్ని హవ్రూతా అంటారు. తాల్ముద్‌లోనే ఒక కథ ఉంది. రబ్బీ యోహానాన్‌కి రేష్ లాకీష్ అని చదువుల స్నేహితుడు ఉండేవాడు, అతను పోయాక ఆయన దుఃఖం తీర్చడానికి మిగతా పండితులు ఇంకొక తెలివైనవాడిని పంపారు. ఆ వచ్చినవాడు ఏం చెప్పినా, మీరన్నది సరే, దానికి ఆధారం కూడా ఉంది అని సమర్థించేవాడట. ఆయన బాధపడిపోయాడు, రేష్ లాకీష్ అయితే నా మాటకి 24 అభ్యంతరాలు చెప్పేవాడు, నేను 24 జవాబులు చెప్పేవాడిని, అలా విషయం విప్పారేది అని. నాకు ఈ కథ ఎన్నిసార్లు చదివినా కళ్ళు చెమరుస్తాయి.

కాబట్టి అవకాశం ఉంటే ఒక తోడు చూసిపెట్టమని వాలంటీర్‌ని అడగండి. మొదలుపెట్టడానికి మిష్నాలోని పిర్కే అవోత్ మంచిది, తర్వాత చేర్చినదానితో కలిపి 6 అధ్యాయాలే, చట్టాల గొడవ ఉండదు, పెద్దల మాటలు ఉంటాయి. ప్రశ్నలు ఎన్నైనా అడగండి, అక్కడ ప్రశ్న అడిగేవాడికి గౌరవం ఉంది. వాళ్ళని మీ విశ్వాసంలోకి తేవాలన్న ఉద్దేశం మాత్రం గుమ్మం బయటే పెట్టి వెళ్ళండి. శతాబ్దాలుగా దానివల్ల వాళ్ళు పడిన బాధలు చాలా ఉన్నాయి, ఆ ఊసు వచ్చిందంటే ఎంత స్నేహంగా ఉన్నవాళ్ళైనా దూరం జరుగుతారు.

ప్రశ్న: నేను ఎంఏ హిస్టరీ చదువుతున్నాను. భారతదేశంలో యూదుల మీద ప్రాజెక్టు చేయాలనుంది. మా లైబ్రరీలో 296 నంబరు దగ్గర పట్టుమని పది పుస్తకాలు లేవు. అమెరికా పోలేను. ఏం చేయాలి? (అనంతపురం)

జవాబు: 296 దగ్గరే ఆగిపోయావు బాబూ, అక్కడే వచ్చింది చిక్కు. లైబ్రరీల్లో విషయాన్ని బట్టి పుస్తకాలకి నంబర్లు ఇచ్చే డ్యూయీ పద్ధతిలో యూదు మతం 296 అయినా హీబ్రూ బైబిల్ 221లో, హీబ్రూ భాష 492.4లో, యూదుల ఊచకోత చరిత్ర 940.53లో ఉంటాయి. సినగాగ్ లైబ్రరీలవాళ్ళు కొందరు ఈ చెల్లాచెదురు పడలేకే తమకు వీలుగా సొంత నంబర్లు తయారుచేసుకున్నారు. ముందు మీ లైబ్రరీలో ఈ అరలన్నీ చూడు, కేరళ చరిత్ర, ముంబయి చరిత్ర ఉన్న అరలు కూడా చూడు.

మూల గ్రంథాలకైతే టెన్షన్ పడకు. సెఫారియా అని ఒక వెబ్‌సైట్ ఉంది, తనఖ్ (అంటే హీబ్రూ బైబిల్), మిష్నా, తాల్ముద్, రాషి వ్యాఖ్య అన్నీ హీబ్రూలోనూ, చాలా భాగం ఇంగ్లీషు అనువాదంతోనూ ఉచితంగా దొరుకుతాయి. ఇంకా నీ ప్రాజెక్టుకి పనికొచ్చేది కైరో గనీజా. దేవుడి పేరు రాసిన కాగితాన్ని యూదులు పారేయరు, సినగాగ్‌లో గనీజా అనే గదిలో దాచి తర్వాత పాతిపెడతారు. కైరోలో బెన్ ఎజ్రా సినగాగ్‌లో పాతిపెట్టకుండా వందల ఏళ్ళు పోగుపడ్డాయి. కేంబ్రిడ్జి పండితుడు సోలమన్ షెక్టర్ 1896-97లో వెళ్ళి వాటిలో దాదాపు 2 లక్షల ముక్కలు కేంబ్రిడ్జికి తెచ్చారు. వాటిలో మన పడమటి తీరంతో వ్యాపారం చేసిన యూదుల ఉత్తరాలు ఉన్నాయి, 12వ శతాబ్దంలో మంగళూరులో కాపురమున్న అబ్రహాం బెన్ యిజూ అనే వర్తకుడివి కూడా. చాలావాటిని స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు.

మనుషుల్ని కలవాలంటే మన రాష్ట్రంలోనే గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే తెలుగు యూదు సమాజం ఉంది, వాళ్ళకి చిన్న సినగాగ్ కూడా ఉంది. తెలుగులో మాట్లాడి తెలుసుకునే అవకాశం ఇంకెక్కడ దొరుకుతుంది? కొచ్చిలో 1568 నాటి పరదేశి సినగాగ్ ఉంది, ఢిల్లీలో జూడా హయాం సినగాగ్ ఉంది. సినగాగ్‌లు ఉన్న ముంబయికైతే మీ ఊరి నుంచే ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కొచ్చు. ఎక్కడికైనా ముందు ఉత్తరం రాసి, మీ హెచ్ఓడీ సంతకంతో లెటర్, ఆధార్ పట్టుకుని వెళ్ళు. 2008 నవంబరులో ముంబయిలో యూదుల కేంద్రమైన నరిమన్ హౌస్ మీద దాడి జరిగింది కాబట్టి మన దేశంలోనూ కాపలా గట్టిగానే ఉంటుంది.

ప్రశ్న: మేము కొంతమంది కుర్రాళ్ళం కలిసి కాలనీలో ఒక గది తీసుకుని లైబ్రరీ నడుపుతున్నాం. అద్దె కడుతున్నాం కానీ మనుషులు రావడం లేదు. ఆ సినగాగ్ వాళ్ళని చూసి మేము నేర్చుకునేది ఏమైనా ఉందా? (కడప)

జవాబు: మీ ఊర్లోనే బ్రౌన్ పేరు మీద ఉన్న గ్రంథాలయం కోసం జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఎంత తిరిగి చందాలు పోగుచేశారో పెద్దవాళ్ళని అడగండి, ముందు అది వినండి. సినగాగ్ వాళ్ళ దగ్గర నాకు నచ్చింది ఏంటంటే, లైబ్రరీని పిల్లల క్లాసు జరిగే గంటకి, పక్క గదికి ముడిపెట్టారు. పిల్లల్ని దింపినవాళ్ళు ఎలాగూ కూర్చోవాలి కాబట్టి అక్కడ కూర్చుంటారు. మీరు కూడా ట్యూషన్ దగ్గరో, ఆదివారం చిన్నపిల్లల డ్రాయింగ్ క్లాసు దగ్గరో తెరవండి. రోజంతా తెరిచి ఎవరూ లేక దిగాలుపడేకంటే వారానికి రెండు గంటలు కచ్చితంగా తెరవడం మేలు. దానంగా వచ్చిన ప్రతి పుస్తకం పెట్టాలనే మొహమాటం వద్దు, పనికిరానివి పక్కన పెట్టండి. ఇద్దరిద్దరుగా చదివే అలవాటు ఒకటి పెట్టి చూడండి, డీఎస్సీకి చదివేవాళ్ళతోనే మొదలుపెట్టొచ్చు.

ప్రశ్న: ఇవన్నీ చదవాలంటే హీబ్రూ తప్పనిసరిగా రావాలా? (ఆదోని)

జవాబు: అక్కర్లేదు, ఇంగ్లీషు వస్తే చాలినంత చదవొచ్చు. కానీ అక్షరాలు 22 మాత్రమే, ఉర్దూలాగా కుడి నుంచి ఎడమకి రాస్తారు, మీ ఊర్లో ఉర్దూ వచ్చినవాళ్ళకి ఆ దిశ అలవాటే కాబట్టి ఇంకా తేలిక. ప్రార్థన పుస్తకాల్లో అచ్చుల గుర్తులు ఉంటాయి, వాటితో మొదలుపెట్టండి, తోరా చుట్టలో ఆ గుర్తులు ఉండవు. పుస్తకం మన లెక్కలో వెనక అట్ట వైపు నుంచి తెరవాలి. బోర్లా పెట్టి వెళ్ళకండి, చేయి జారి కింద పడితే తీసి ముద్దు పెట్టుకుని పైన పెడతారు, మీరూ అలాగే చేస్తే వాళ్ళు గమనిస్తారు.