విశాఖలో ఏం జరుగుతోందో ముందే తెలియాలంటే

ఉద్యోగానికి వచ్చి ఏడాదిగా మధురవాడలో ఉంటున్నానని, బీచ్ రోడ్డు, షాపింగ్ మాల్స్ తప్ప ఈ ఊరిలో కళలూ ఉత్సవాలూ కంటపడటం లేదని, జరిగినవి కూడా మర్నాడు ఫొటోలలో చూసి తెలుసుకోవలసి వస్తోందని, ముందుగా తెలిసే దారి చెప్పమని అడిగారు. నేను పుట్టి పెరిగింది ఇక్కడే. నాకు తెలిసిన దారి చెబుతాను.

మొదట ఇంట్లో తిథులు వేసిన తెలుగు క్యాలెండరు ఒకటి తగిలించండి. విశాఖలో జనం పోటెత్తే ఉత్సవాలకు ఎవరూ ఆహ్వానాలు పంపరు. తిథి వస్తుంది, జనం బయలుదేరతారు. అక్షయ తృతీయ నాడు సింహాచలంలో అప్పన్న చందనోత్సవం. ఏడాదిలో స్వామి నిజరూపం కనిపించేది ఆ ఒక్కరోజే. మార్గశిరం అంతా, ముఖ్యంగా గురువారాలు, బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి వెళ్లండి. అమ్మవారికి పైకప్పు లేదు. భక్తులే స్వయంగా పసుపు కుంకుమలతో పూజ చేసుకుంటారు. పాతనగరం వీధులు చూడటానికి అంతకన్నా మంచి నెల లేదు.

ఆషాఢ పౌర్ణమి ముందురోజు మొదలయ్యే గిరి ప్రదక్షిణ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. సింహగిరి చుట్టూ దాదాపు 32 కిలోమీటర్ల నడక. కొండ కింద మొదటి మెట్టయిన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరి, అడవివరం, హనుమంతవాక మీదుగా అప్పుఘర్ చేరి, సముద్రస్నానం చేసి, సీతమ్మధార, మాధవధార, గోపాలపట్నం దాటి మళ్లీ కొండ కిందికి చేరతారు. హనుమంతవాక మీకు దగ్గరే. నడవలేకపోయినా సాయంత్రం అక్కడికి వెళ్లి నిలబడండి. దారి పొడవునా కాలనీవాళ్లు మజ్జిగ, పులిహోర, మంచినీళ్లు పంచుతారు. సీతమ్మధారలో మా బంధువుల వీధివాళ్లతో కలిసి పంచినప్పుడు, అర్ధరాత్రి దాటాక వచ్చినవాళ్లు ఎక్కువగా అడిగినది తిండి కాదు. పల్లెల నుంచి వచ్చిన పెద్దవాళ్లు, చెప్పుల్లేని కాళ్లు, మడమలకు తడిగుడ్డ చుట్టుకుని, “కాసేపు అరుగు మీద కూర్చోనివ్వండి బాబూ” అన్నారు. మరుసటి ఏడాది నుంచి ఆ వీధివాళ్లు ముందు చాపలు పరిచి, తర్వాతే మజ్జిగ కలుపుతున్నారు.

ఇక జానపద కళలు. మీరు తప్పెటగుళ్లు చూసే ఉంటారు, కాకపోతే ఏదో ప్రారంభోత్సవంలో. ప్రముఖుల కారు దిగగానే పది నిమిషాలు ఆడించి, శాలువా కప్పి పంపేస్తారు. నాకు చాలా బాధ కలిగించే విషయం ఇది. అది చూసి తప్పెటగుళ్లు ఇంతే అనుకోవద్దు. ఉత్తరాంధ్రలో అమ్మవారి పండుగకు ముందురోజు రాత్రిని తొలేళ్లు అంటారు. ఆట చూడవలసింది ఆ రాత్రే. మెడలోంచి గుండె మీదికి రేకు తప్పెట వేలాడుతూ ఉంటుంది, కాళ్లకు గజ్జెలు. నడుమ గురువు కథ ఎత్తుకుంటాడు, చుట్టూ ఉన్నవాళ్లు వంత పాడుతూ రెండు చేతులతో రేకు వాయిస్తూ గుండ్రంగా తిరుగుతారు. మొదట మెల్లగా ఉంటుంది. కథ ముదిరేకొద్దీ అడుగు వడి పెరిగి, చివరికి ఒకరి భుజాల మీద ఒకరు నిలబడి కూడా వాయింపు ఆపరు. దగ్గరగా నిలబడితే ఆ దెబ్బ మన రొమ్ములో తెలుస్తుంది. యాదవులు తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చిన ఆట. విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం దసరా తర్వాత వచ్చే మంగళవారం. సోమవారం తొలేళ్లకే వెళ్లండి. ఆనందపురం, పద్మనాభం వైపు ఊళ్ల పండుగల తేదీలు పత్రికలలో అరుదుగా వస్తాయి. మీ వీధిలో పాలు పోసేవారినీ, కూరలు తెచ్చేవారినీ అడగండి, వాళ్లకు తెలుస్తుంది.

సంగీతానికి పిఠాపురం కాలనీలోని కళాభారతి, నాటకాలకూ నృత్యానికీ సిరిపురంలోని గురజాడ కళాక్షేత్రం, సాహిత్య సభలకు ద్వారకానగర్ పౌర గ్రంథాలయం. నేను వెళ్లిన కచేరీలలో చాలావాటికి టికెట్ లేదు. ఒక సాయంత్రం వెళ్లి నోటీసు బోర్డు చదివి, నిర్వాహకులకు మీ నంబరు ఇచ్చి రండి, తర్వాత వాళ్లే ఫోను చేస్తారు. సాహిత్య సభకు మొదటిసారి వెళ్లేటప్పుడు బెరుకు అక్కర్లేదు, కొత్త మనిషి వస్తే అక్కడ నిజంగా సంతోషిస్తారు.

దినపత్రికల జిల్లా పేజీలలో ఆ రోజు కార్యక్రమాల జాబితా ఓ మూలన ఉంటుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాను మూడుగా విడగొట్టారు. ధింసా ఆడే అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, లక్క బొమ్మల ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలోకి వెళ్లిపోయాయి. విశాఖ పేజీ ఒక్కటే చదివితే ఆ వార్తలు మీ కంట పడవు. మూడు జిల్లాల పేజీలూ చూడండి.

క్యాలెండరు నమ్మి మోసపోయేది ఒక్క నేవీ డే విషయంలోనే. డిసెంబరు 4 కదా అని ఆర్కే బీచ్‌కి బయలుదేరకండి. 2023లో సింధుదుర్గ్‌లో, 2024లో పూరీలో జరిపారు. విశాఖ తీరంలో నౌకాదళ విన్యాసాలు 2025 జనవరి 4న జరిగాయి. దీనికి మాత్రం పత్రికే దిక్కు. అసలు రోజు కన్నా ముందు జరిగే రిహార్సల్స్ చూడటమే నయం, జనం తక్కువ.

వీధి దీపాలు, కాలువల వంటి సంగతులకు సోమవారం ఆసిల్‌మెట్టలోని నగరపాలక సంస్థ (జీవీఎంసీ) కార్యాలయంలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లి, ఓ గంట అక్కడ కూర్చోండి. నగరంలో 98 వార్డులు. ఏ వార్డులో ఏది నలుగుతోందో అర్జీదారుల వరుసలోనే తెలిసిపోతుంది.

చివరిగా, జూన్ 14 సాయంత్రం ఖాళీగా ఉంటే ఫిషింగ్ హార్బరుకు వెళ్లండి. ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధం ఆ రోజుతో తీరుతుంది. ఐసు, డీజిలు, వలలు ఎక్కిస్తూ, పడవలకు పసుపు కుంకుమలు పెట్టి గంగమ్మకు మొక్కుతూ రేవంతా హడావుడిగా ఉంటుంది. పని మీద ఉన్నవాళ్ల దారికి అడ్డం నిలబడకండి, ఫొటో తీసేముందు అడగండి. కెమెరా పక్కన పెట్టి పలకరిస్తే, తమ పేటలో అమ్మవారి పండుగ ఎప్పుడో వాళ్లే చెప్పి రమ్మంటారు.