పక్కింటివాళ్ళ వేధింపు: స్టేషన్‌లో "సివిల్ మ్యాటర్" అని పంపేస్తే?

ఉమ్మడి సందులో పక్కింటాయన బండ్లు అడ్డంపెట్టి దారి ఆపుతున్నాడని, అడిగితే బూతులు తిడుతున్నాడని, స్టేషన్‌కి వెళ్తే "సివిల్ మ్యాటర్, కోర్టుకెళ్ళండి" అన్నారని రాశారు. గుంటూరు జిల్లాలో మా ఇంటి దగ్గర జరిగింది కూడా అచ్చం ఇదే. మా అమ్మ పొద్దున్నే పాలకి వెళ్ళాలన్నా భయపడేది. మీ టెన్షన్ ఎలాంటిదో నాకు తెలుసు.

సందు ఎవరిదన్నది సివిలే. కానీ మనిషిని నడవనీయకుండా అడ్డగించడం సివిల్ కాదు. రెండూ కలిపి రాస్తే స్టేషన్‌లో వాళ్ళకి కనపడేది స్థలం తగాదా ఒక్కటే. మా లాయరుగారు ఫిర్యాదులో పాత గొడవలేవీ పెట్టనివ్వలేదు. ఫలానా తేదీ, ఉదయం ఆరున్నర, అమ్మ పాలగిన్నెతో వస్తుంటే బండి ఎలా అడ్డంపెట్టాడు, ఏమన్నాడు, చూసిన ఎదురింటావిడ పేరు, అంతే. తిట్లు ఉన్నవి ఉన్నట్టు రాయండి, సిగ్గుపడొద్దు. "అసభ్యంగా మాట్లాడాడు" అని ఊరుకుంటే ఫిర్యాదులో బలం ఉండదు. అడ్డగించడం భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 126వ సెక్షన్ కిందకి వస్తుంది, దానికి పోలీసులు నేరుగా కేసు కట్టొచ్చు. బూతులు కాని ఉత్త తిట్లకైతే దర్యాప్తుకి మేజిస్ట్రేటు అనుమతి కావాలి.

ఫిర్యాదు తీసుకోకపోతే అక్కడ వాదన పెట్టుకోకండి. అదే కాగితం ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచుకోండి. భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 173(4) సెక్షన్ ఇచ్చిన హక్కు అది. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు కోర్టు. మాకు ఎస్పీ ఆఫీసుకి ఉత్తరం చేరాక స్టేషన్ నుంచే ఫోన్ వచ్చింది.

చివరికి మాకు పనిచేసింది బైండోవర్. గొడవ చేయనని తహసీల్దారు ముందు బాండు రాయిస్తారు, గరిష్ఠంగా ఏడాదికి. కమిషనరేట్ ఉన్న నగరాల్లో ఆ అధికారం పోలీసు అధికారులదే. అయితే చాలాచోట్ల రెండు పక్షాలనీ కలిపి బైండోవర్ చేసేస్తారు. అందుకే ఆయనెంత రెచ్చగొట్టినా మీరు నోరు జారొద్దు. మీరన్న ఒక్క మాట ఆయన ఫోన్‌లో రికార్డయితే చాలు, మీరూ ఆ వరసలో నిలబడాలి.

దారి సంగతికి దస్తావేజులో హద్దులు చూడండి. ఉమ్మడి సందు అని ఉంటే ఇంజంక్షన్ (దారి అడ్డుకోవద్దని కోర్టు ఇచ్చే ఆదేశం) దావా వేసి, ముందు మధ్యంతర ఉత్తర్వు, అంటే కేసు తేలేదాకా ఉండే ఆదేశం అడగండి. దాన్ని మీరితే మూడు నెలల దాకా సివిల్ జైలుకి పంపే అధికారం కోర్టుకి ఉంది. ఇల్లు మీ ఇంట్లో ఆడవాళ్ళ పేరున ఉంటే ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, న్యాయ సేవాధికార సంస్థ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేసి అడగండి.